స్టేజి మీద కీబోర్డ్‌కి ఏ స్పీకర్ కొనాలి? ఏళ్ల తరబడి యమహా డీబీఆర్ 10 వాడాక నా మాట

గుంటూరు, తెనాలి వైపు పెళ్లి రిసెప్షన్లకి, చవితి పందిళ్లకి, నవమి పందిళ్లకి ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తుంటా. ఆంప్ ఏం కొనమంటావన్నా అని తమ్ముళ్లు అడుగుతూనే ఉంటారు కాబట్టి ఈసారి మొత్తం రాసేస్తున్నా. ముందే చెప్పేస్తా, నా ఓటు కీబోర్డ్ ఆంప్‌కి కాదు, గిటార్ ఆంప్‌కి అసలే కాదు, చిన్న పవర్డ్ పీఏ స్పీకర్‌కి, అంటే ఆంప్ లోపలే ఉండి, సభల్లో జనానికి వినిపించడానికి వాడే రకం స్పీకర్‌కి. నా దగ్గరున్న కీబోర్డ్ రోలాండ్ ఎక్స్‌పీఎస్-10, స్పీకర్ యమహా డీబీఆర్ 10.

గిటార్ ఆంప్ ఎందుకు వద్దంటే దాంట్లో మామూలుగా ట్వీటర్ (పైసౌండ్ పలికే చిన్న స్పీకర్) ఉండదు, 5 కిలోహెర్ట్జ్ దాటాక సౌండ్ బాగా పడిపోతుంది, గిటార్‌కి అదే అందం, డిస్టార్షన్ వేసినా చెవికి గుచ్చుకోదు. కానీ మనం ఒకే పాటలో ఫ్లూట్ వాయిస్తాం, వెంటనే వీణ, ఆ తర్వాత స్ట్రింగ్స్, కింద ఎడమ చేత్తో బేస్ నడుస్తూనే ఉంటుంది, వీటన్నిటికీ తన రంగు పులమకుండా ఉన్నది ఉన్నట్టు వినిపించే స్పీకర్ కావాలి. ఇళయరాజా పాటల్లో వయొలిన్ల బిట్ ఒకటి గిటార్ ఆంప్‌లో వాయించి చూడండి, దుప్పటి కప్పినట్టు ఉంటుంది.

కీబోర్డ్ ఆంప్‌ని నేను తీసిపారెయ్యను. రోలాండ్ కేసీ-400 అంటే 150 వాట్స్, 12 అంగుళాల స్పీకర్, కేసీ-600 అంటే 200 వాట్స్, 15 అంగుళాలు, రెండు మూడు కీబోర్డ్‌లు, ఒక మైకు అన్నీ ఒకే డబ్బాలో గుచ్చేసుకోవచ్చు, విడిగా మిక్సర్ అక్కర్లేదు. ఇంట్లో క్లాసులు చెప్పేవాళ్లకి, చిన్న చర్చిలో ఒకేచోట పెట్టి ఉంచేవాళ్లకి అది హాయి. ఆటోలో ఎక్కించి దించి ఫంక్షన్ హాల్ మెట్లెక్కి తిరిగేవాళ్లకి మాత్రం బరువు పెద్ద లెక్క. డీబీఆర్ 10 బరువు పదిన్నర కేజీలు, కీబోర్డ్ బ్యాగ్ భుజానికి తగిలించుకుని దీన్ని ఒక చేత్తో పట్టుకుని వెళ్లిపోవచ్చు.

వాట్స్ సంగతి కూడా చెప్పాలి, షాపులో అందరూ పడిపోయేది అక్కడే. దీని మీద 700 వాట్స్ అని ఉంటుంది, అది పీక్, అంటే క్షణం పాటు ఇవ్వగలిగేది, ఆగకుండా ఇచ్చేది 325. వాట్స్ రెట్టింపు అయితే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి రెండింతలు అనిపించాలంటే సుమారు పదింతల పవర్ కావాలి, కాబట్టి 500 పక్కన 700 చూసి ఎగరక్కర్లేదు. పవర్ ఎక్కువుంటే అసలు లాభం వేరే ఉంది, పియానో టోన్ గట్టిగా కొట్టినప్పుడు మొదటి దెబ్బ ఒక్కసారిగా పైకి లేస్తుంది, అప్పుడు స్పీకర్ చితికిపోకుండా తట్టుకుంటుంది.

నాకు దీంట్లో బాగా నచ్చింది నాదస్వరం టోన్. ప్యాడ్స్, డోలక్ అన్నీ మోగుతుండగా బెండర్ (శ్రుతిని వంచే లివర్) తోస్తూ గమకం పలికిస్తే అది చెవిలో స్పష్టంగా పడుతుంది, ఎంత తోశానో, శ్రుతికి చేరిందో లేదో తెలుస్తుంది. అది వినపడకపోతే మనకి తెలీకుండానే వాల్యూమ్ పెంచుతాం, సింగర్ తన మానిటర్ (తనకి తాను వినడానికి పెట్టుకున్న స్పీకర్) పెంచమంటాడు, ఇక స్టేజి మొత్తం రచ్చ.

బేస్ విషయంలో దీని హద్దు దీనికుంది. 10 అంగుళాల స్పీకర్, కింద 55 హెర్ట్జ్ దాకా అని కంపెనీయే చెప్తుంది. బేస్ గిటార్ కింది ఇ తీగ 41 హెర్ట్జ్, అంటే ఆ నోటు అసలు అడుగు ఇందులో రాదు, పై హార్మోనిక్స్ (ఆ నోటుతో పాటే మోగే పై స్వరాలు) వల్ల నోటు మాత్రం తెలుస్తుంది. మా ట్రూప్‌లో బేస్ గిటార్ ఉంది కాబట్టి నాకు చాలు, ఎడమ చేత్తో బేస్ మొత్తం మీరే మోయాలంటే మాత్రం 12 అంగుళాలకే వెళ్లండి.

ఎక్కడ పెడతాం అన్నది ఏది కొన్నాం అన్నదాని కంటే ముఖ్యం అంటాను నేను. నేల మీద నిటారుగా పెడితే హార్న్ (పైసౌండ్ వచ్చే భాగం) మోకాళ్లకి వాయిస్తుంది, చెవి దాకా పైసౌండ్ రాదు, అప్పుడు ట్రెబుల్ పెంచితే ముందు వరసలో కూర్చున్నవాళ్ల చెవులు పోతాయి. దీని పక్కభాగం వాలుగా ఉంటుంది, దాని మీద పడుకోబెడితే మూతి మన మొహం వైపు తిరుగుతుంది. నేల మీద ఉంటే బేస్ ఎలాగూ ఉబ్బుతుంది, అందుకే వెనక డీ-కాంటూర్ అనే టోన్ మార్చే బటన్‌ని ‘మానిటర్’ అన్న స్థానంలో పెట్టుకోవాలి, అది ఆ ఉబ్బు తగ్గిస్తుంది. ఇన్‌పుట్ స్విచ్ లైన్ మీద ఉండాలి, మైక్ మీద కాదు. కీబోర్డ్ వాల్యూమ్ ముప్పావు దాకా ఉంచి స్పీకర్ దగ్గర తగ్గించుకోండి, దానికి ఉల్టా చేస్తే బుస్సుమనే శబ్దం పెరుగుతుంది.

ఇక అన్నిటికన్నా పెద్ద విషయం. స్టేజి మీద మన స్పీకర్ జనానికి కాదు, మనకి. జనానికి వెళ్లేది సౌండ్ చూసుకునే అన్న దగ్గరుండే మిక్సర్ నుంచి. ఈ స్పీకర్ వెనక అవుట్‌పుట్‌కి త్రూ, మిక్స్ అని రెండు స్థానాలుంటాయి, త్రూలో పెడితే ఒకటో ఛానెల్‌లోకి వచ్చింది వచ్చినట్టే మిక్సర్‌కి పోతుంది, నా దగ్గర నేను వాల్యూమ్ ఎంత తిప్పుకున్నా హాల్లో సౌండ్ మారదు. పాట మధ్యలో నాకు వినపడట్లేదని పెంచుకున్నా సౌండ్ అన్న నా వైపు గుర్రుగా చూడడు.

ఎక్స్‌పీఎస్-10 నుంచి ఒకే వైరు తీస్తే ఎడమ వైపు, మోనో అని రాసున్న సాకెట్‌లోనే పెట్టండి, అప్పుడు రెండు వైపులూ కలిసి వస్తాయి. కుడి దాంట్లో పెడితే సగం సౌండే. స్టీరియోకి రెండు స్పీకర్లు కొనాలా అంటే, ఎలక్ట్రిక్ పియానో, ఆర్గాన్ తిరుగుడు ఎఫెక్ట్ స్టీరియోలో వింటే ఆ సుఖమే వేరు, కానీ మన ఫంక్షన్ హాళ్లలో ఎక్కువగా మోనోనే నడుస్తుంది కాబట్టి డబ్బు ఒకటే మంచి స్పీకర్ మీద పెట్టమంటా.

దీంతో పాటు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ప్యాసివ్ డీఐ బాక్స్ (మిక్సర్‌కి వెళ్లే వైరు మధ్యలో పెట్టే చిన్న డబ్బా) ఒకటి కొనుక్కోండి. జనరేటర్ కరెంటు, లైటింగ్ బోర్డులు, లాప్‌టాప్ ఛార్జర్ అన్నీ కలిస్తే 50 హెర్ట్జ్ బొయ్‌మనే హమ్ వస్తుంది, డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ (సౌండ్ వైరులోని గ్రౌండ్‌ని విడదీసే స్విచ్) నొక్కితే చాలాసార్లు పోతుంది. హమ్ పోవడానికి ప్లగ్‌లో ఎర్త్ పిన్ పీకేసేవాళ్లని చూశాను, దయచేసి ఆ పని చెయ్యకండి, తడి పందిట్లో చెమట చేతులతో మైకు పట్టుకునేవాడి ప్రాణం అది.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్లు షాపులో గట్టిగా పాట పెట్టించి ఒప్పేసుకోకండి. మీ కీబోర్డ్ తీసుకెళ్లి స్ట్రింగ్స్ టోన్‌లో చిన్న వాల్యూమ్‌తో కింది సీ నుంచి పై సీ దాకా ఒక్కో నోటు పట్టి ఉంచండి, ఎక్కడైనా డొక్కు కొట్టుకున్నట్టు గరగర వస్తే కోన్ (స్పీకర్‌లో ఊగే పొర) లేదా పెట్టె వదులైనట్టు, పై నోట్లు మొద్దుగా ఉంటే హార్న్ పని చెయ్యనట్టు. తర్వాత జాక్ పెట్టిన చోట వైరు కొంచెం కదిపి చూడండి, చిటపటమంటే రిపేర్ ఖర్చు తగ్గించి బేరమాడండి.