గుండె శబ్దాలు నేర్పే కంప్యూటర్ పాఠాలు: కొన్నేళ్ల వాడకం తర్వాత

విశాఖపట్నంలో ఎంబీబీఎస్ విద్యార్థులకు జనరల్ మెడిసిన్ బోధించే నేను, 2020 లాక్‌డౌన్‌లో వారికి వార్డులు మూతపడినప్పుడు గత్యంతరం లేక కంప్యూటర్ పాఠాలను చేపట్టాను. వార్డులు తెరుచుకున్న తర్వాత కూడా వాటిని మానలేదు. గుండె, ఊపిరితిత్తుల శబ్దాల రికార్డింగులు, పరీక్షించే క్రమాన్ని చూపే వీడియోలు, అడిగిన ప్రశ్నలకు జవాబిచ్చే కల్పిత రోగి మేము వాడే సాఫ్ట్‌వేర్‌లోని ముఖ్య భాగాలు.

వీటిలో నిజంగా ఫలితమిచ్చినవి గుండె శబ్దాలు. రుమాటిక్ జ్వరం వల్ల గుండె కవాటాలు దెబ్బతిన్నవారు మా వార్డులకు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు కాబట్టి మైట్రల్ స్టెనోసిస్ (గుండె ఎడమ గదుల మధ్య కవాటం ఇరుకైపోవడం) మర్మర్‌ను, అంటే రక్తం సుడులు తిరగడం వల్ల వచ్చే అదనపు శబ్దాన్ని, గుర్తుపట్టడం మా విద్యార్థులకు పరీక్ష కోసమే కాదు, రేపటి ప్రాక్టీసు కోసం కూడా అవసరం. మంద్రస్థాయిలో వినిపించే ఆ మర్మర్‌ను రోగిని ఎడమపక్కకు తిప్పి, ఊపిరి వదిలించి, స్టెతస్కోప్ బెల్‌ను (గిన్నెలాంటి వైపును) గుండె కొన దగ్గర తేలికగా ఆనించి వినాలి. ఒకప్పుడు అలాంటి రోగి ఒక్కరు దొరికితే చాలు, బ్యాచ్ మొత్తం వరుసకట్టి ఆయన ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టేది. ఇప్పుడు హాస్టల్‌లోనే పదేపదే విని వస్తున్నారు కనుక రోగికి ఆ అవస్థ తగ్గింది. నా దృష్టిలో ఈ పాఠాలు చేసిన అతిపెద్ద మేలు ఇదే.

అయితే మొబైల్ స్పీకర్‌లో ఆ మంద్రస్వరం దాదాపుగా వినిపించదు. రికార్డింగే బాగాలేదని విద్యార్థులు ఫిర్యాదు చేసేవారు. చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు తెప్పించాక ఆ ఫిర్యాదు ఆగింది.

అంతకంటే లోతైన లోపం మరొకటి ఉంది. కంప్యూటర్‌లోని ప్రతి గుండెకూ ఏదో ఒక జబ్బు ఉంటుంది. దానికి అలవాటుపడిన విద్యార్థి వార్డులోకి వచ్చి, గాలి పీల్చినప్పుడు రెండో శబ్దం సహజంగా రెండుగా చీలడాన్ని కూడా రోగంగానే లెక్కగట్టి, ఆరోగ్యవంతుల గుండెలోనూ మర్మర్ ఉందని ధీమాగా చెబుతాడు. అందుకే ముందుగా చెప్పకుండా సాధారణ శబ్దాలను ధారాళంగా కలిపి వినిపిస్తున్నాను. జబ్బు లేదని చెప్పగలగడం కూడా నైపుణ్యమేనన్న సంగతి ఈ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారికి తట్టినట్టు లేదు.

కల్పిత రోగి మాత్రం నన్ను పూర్తిగా నిరాశపరిచాడు. అతను ‘పడుకున్నప్పుడు శ్వాస తీసుకోవడం కష్టంగా ఉంది’ అని శుభ్రమైన పుస్తకభాషలో చెబుతాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ముసలాయన ‘రాత్రేళ లెగిసి కూకుంటే గానీ ఊపిరాడతనేదు బాబూ’ అంటాడు. ఆ మాటలో ఆర్థాప్నియాను (పడుకుంటే ఊపిరాడకపోవడాన్ని) పట్టుకోవడం, ఆ వెంటనే కాళ్ల వాపు గురించి అడగాలని తోచడం మంచం పక్కన నిలబడితేనే అలవడతాయి. పైగా కల్పిత రోగి విసుక్కోడు, మాట దాటవేయడు, పక్కనున్న కోడలు అతని బదులు జవాబు చెప్పదు.

కాలేయం అంచును వేళ్లతో తడమడం, ఛాతీ మీద తట్టి మొద్దు శబ్దాన్ని గుర్తించడం వంటివి చేతి పనులు. వీడియో క్రమాన్ని చూపగలదు, స్పర్శను ఇవ్వలేదు.

వాడదలచిన అధ్యాపకులకు నేను చెప్పేది ఒక్కటే: విన్న పాఠానికీ వార్డుకూ మధ్య ఎడం పెట్టకండి. ఉదయం రికార్డింగ్ విన్న బ్యాచ్ అదే రోజు రోగి దగ్గరకు వెళ్లినప్పుడు కనిపించే పట్టు, వారం తర్వాత వెళ్లిన బ్యాచ్‌లో నాకు కనిపించలేదు. సాఫ్ట్‌వేర్ ఇచ్చే మార్కులను ఇంటర్నల్ అసెస్‌మెంట్‌లో నేను కలపను, ఎందుకంటే నాలుగు ఐచ్ఛికాలు కళ్లముందుంటే సరైనదాన్ని నొక్కిన విద్యార్థే, ఐచ్ఛికాలు లేని రోగి ముందు బెల్ ఎక్కడ ఆనించాలో తెలియక తడబడటం తరచుగా చూస్తున్నాను.