ఆరేళ్ల వాడకం తర్వాత: సుత్తి దెబ్బతో తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్

తల మీద ప్లస్ ఆకారపు గాడి ఉండే స్టార్ స్క్రూలు పట్టేస్తే వాటిని విప్పడానికి దీన్ని మించిన పనిముట్టు నా పెట్టెలో ఇంకోటి లేదు. ధర, డబ్బాలో ఎన్ని బిట్లు (కొసకి తగిలించే ముక్కలు) వస్తాయి, ఏ స్టీలు అనేవి షాపువాడే చెబుతాడు కాబట్టి వాటి జోలికి పోను. నాకు దీని మీద ఇంత ఇష్టం ఉండడానికి కారణం ఒక్కటే, ఆ దెబ్బ.

మామూలు స్క్రూడ్రైవర్‌ని ఎంత బలంగా తిప్పితే దాని కొస స్టార్ గాడిలోంచి అంత పైకి లేస్తుంది. రెండుసార్లు లేచిందంటే గాడి అంచులు గుండ్రంగా అరిగిపోతాయి, ఇక ఆ స్క్రూ చేతికి రాదు. ఇందులో అయితే సుత్తి పడగానే బిట్టు గాడిలోకి దిగబడుతుంది. డ్రైవర్ లోపలున్న వాలు గాడి వల్ల అదే క్షణంలో షాఫ్టు కొన్ని డిగ్రీలు తిరుగుతుంది. లోపలికి తోపుడు, తిప్పుడు ఒక్కసారే జరుగుతాయి కాబట్టి బిట్టుకి పైకి లేచే వీలుండదు. బ్యాటరీతో నడిచే ఇంపాక్ట్ మెషీన్లలో తిప్పే దెబ్బ ఉంటుందిగానీ ఈ తోపుడు ఉండదు. ఎంత ఖరీదైన మెషీనయినా అరిగిన స్టార్ గాడిలో జారిపోయేది అందుకే.

నేనుండేది విశాఖలో, సముద్రానికి దగ్గర. ఇక్కడి ఉప్పుగాలికి అల్యూమినియం ఇంజిన్ కవర్‌లో బిగించిన ఇనుప స్క్రూ చుట్టూ తెల్లటి పొడి కడుతుంది. అది అల్యూమినియానికి పట్టిన తుప్పే. అసలు లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి స్క్రూ మరల (చుట్టల) మధ్య ఇరుక్కుని స్క్రూని పట్టేస్తుంది. యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి పాత బళ్ల క్లచ్ కవర్ మీద ఎం6 (6 మిల్లీమీటర్ల మందం) స్టార్ స్క్రూలన్నీ ఈ బాపతే.

పని ఇలా చేస్తేనే ఫలితం ఉంటుంది. ముందు గాడిలో గట్టిపడ్డ మట్టి, పెయింటు సూదిమొనతో పూర్తిగా గీకాలి. ఈ ఒక్క పని వదిలేస్తే బిట్టు సగమే దిగుతుంది. తర్వాత స్క్రూ తల చుట్టూ తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయాలి. మామూలు డబ్ల్యూడీ-40 తేమను తరిమేందుకు పుట్టిన సరుకు, మరల్లోకి దిగే పనికి పెనెట్రేటింగ్ ఆయిల్ అని విడిగా అమ్మేదే మేలు. పొద్దున గాడిలోని ఆయిల్‌ని పెట్రోలు గుడ్డతో తుడిచి, వాల్వులు రుద్దే గ్రైండింగ్ పేస్టు చిటికెడు బిట్టు కొసకి రాస్తే పట్టు బాగా పెరుగుతుంది. ఎం6 స్క్రూకి 3వ నంబరు స్టార్ బిట్టు, ఎం5కి 2వ నంబరు. జపాన్ డిజైను బళ్ల స్క్రూలు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం, కొన్నిటి తల మీద చిన్న చుక్క ఉంటుంది. వాటిలో ఫిలిప్స్ అనే మామూలు స్టార్ బిట్టు అడుగుదాకా దిగదు, జేఐఎస్ బిట్టు విడిగా కొనుక్కోవాలి.

బండి సెంటర్ స్టాండ్ మీద కదలకుండా ఉండాలి. డ్రైవర్‌ని గాడిలో నిలువుగా పెట్టి, ఎడమ చేత్తో విప్పే వైపుకి బిగపట్టి తిప్పి ఉంచాలి. ఆ బిగువు లేకపోతే దెబ్బ సగం లోపలి ఖాళీలోనే పోతుంది. సుత్తి రెండు పౌన్లది, ఇనుపది. చెక్క సుత్తి, రబ్బరు సుత్తి దెబ్బని మింగేస్తాయి. పది చిన్న దెబ్బల కన్నా తిన్నగా పడే ఒక్క గట్టి దెబ్బ నయం. మొదటి రెండు దెబ్బలకి రాయి మీద కొట్టినట్టు మొండి మోత వస్తుంది. స్క్రూ కదిలిన దెబ్బకి ఆ మోత మారి లోపల్నుంచి చిన్నగా 'టక్' అంటుంది. అక్కడితో ఆపి మిగతాది చేత్తో తిప్పాలి. ఒక స్క్రూని పూర్తిగా తీసేయకుండా, అన్నిటినీ ఎదురెదురుగా పావు చుట్టు చొప్పున వదులు చేసుకుంటూ పోవాలి.

ఇంత మెచ్చుకున్నాను గానీ, మూడో ఏట ఇదే డ్రైవర్ చేసిన నష్టం చెప్పకపోతే ఈ సమీక్ష సగమే. దిశ మార్చాలంటే డ్రైవర్‌ని నొక్కి తిప్పాలి. లోపలి గ్రీజు ఎండి, తుప్పు పొడితో కలిసి జిగురు ముద్దయింది. పైనున్న ఎల్ (ఎడమ), ఆర్ (కుడి) గుర్తులు సుత్తి అంచు తగిలి ఎప్పుడో అరిగిపోయాయి. విప్పే వైపు పెట్టాననుకున్నది నిజానికి బిగించే వైపే ఉండిపోయింది. కొట్టిన ప్రతి దెబ్బకీ స్క్రూ ఇంకా బిగుసుకుంది. మూడు స్క్రూలు బిగిశాక, నాలుగో దాని గాడి చిరిగిపోయాక గాని తేడా పట్టుబడలేదు. పట్టేసిన స్క్రూ మొదటి దెబ్బలకి కదలకపోవడం మామూలే కదా, అందుకే అనుమానం రాదు.

గాడి చిరిగిన ఆ స్క్రూని తీసిన పద్ధతి ఎవరికైనా పనికొస్తుంది. కవర్ బండికి ఉండగానే స్క్రూ తలని డ్రిల్ చేయాలి, అప్పుడే లోహపు పొట్టు లోపల పడదు. స్టార్ గాడి మధ్యలో ముందు 3 మిల్లీమీటర్ల బిట్టుతో చిన్న గుంట, తర్వాత 6.5 బిట్టు. తల లోతు దాటగానే అది ఉంగరంలా ఊడి డ్రిల్ బిట్టు చుట్టూ తిరుగుతుంది. వెంటనే ఆపాలి, ఇంకా దిగితే కవర్ రంధ్రం పెద్దదవుతుంది. మిగతా స్క్రూలు తీసి, గేర్ ఆయిల్ బయటికి దించేసి కవర్ లాగితే, తల లేని స్క్రూ ముక్క కొన్ని మిల్లీమీటర్లు బయటికి నిలబడి ఉంటుంది. వైస్ గ్రిప్‌తో (బిగిసి పట్టుకునే పట్టకారు) పట్టుకుని తిప్పితే చాలాసార్లు తేలిగ్గానే వచ్చేస్తుంది. తల కింద కవర్‌ని నొక్కి ఉంచిన బిగువు పోయింది కాబట్టి మరల్లో పట్టు అంతగా మిగలదు. ఈజీ అవుట్ అనే ఎడమ మర పనిముట్టుని ముందే దింపి లోపల విరగ్గొట్టుకున్నవాళ్లు ఈ సంగతి తెలియకే ఆ తిప్పలు పడతారు.

అప్పట్నుంచి ప్రతిసారీ కొట్టేముందు డ్రైవర్‌ని చెక్క మీద నిలబెట్టి నొక్కి, కొస ఎటు తిరుగుతుందో కళ్లతో చూడడం అలవాటు. ఎడమకి, అంటే గడియారం ముళ్లకి ఎదురుగా తిరగాలి. ఏడాదికోసారి షాఫ్టు బయటికి తీసి, కిరోసిన్‌లో కడిగి, గ్రీజు పలచగా రాస్తే మళ్లీ బిగుసుకోలేదు.

డబ్బాలో వచ్చిన బిట్ల గురించి మొదటి ఏడాది నేను మంచిగానే చెప్పాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటాను. 3వ నంబరు స్టార్ కొస మెలిపడింది, మెలిపడ్డ బిట్టు మంచి గాడిని కూడా చెడగొడుతుంది. డ్రైవర్ బాడీ మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. బిట్లు విడిగా కొనడమే నయం.

ఇది వాడకూడని చోట్లు కూడా ఉన్నాయి. కార్బరేటర్ అడుగు గిన్నె స్క్రూల మీద అసలు కొట్టొద్దు, ఆ మెత్తటి పోత లోహం పగులుతుంది. హ్యాండిల్‌కి వేలాడే బ్రేక్ మాస్టర్ సిలిండర్ మూత స్క్రూలకి వెనక ఆధారం ఉండదు, కింద చెక్క దిమ్మ ఆనించి చిన్న సుత్తితోనే కొట్టాలి. బ్రేక్ డిస్కు బోల్టులకి కంపెనీలో పూసిన ఎర్ర థ్రెడ్‌లాకర్‌ని (మరలు వదులవకుండా పట్టే జిగురు) దెబ్బలు వదిలించలేవు. దాదాపు 250 డిగ్రీల దాకా హీట్ గన్‌తో వేడి చేస్తేనే అది మెత్తబడుతుంది. వేడి పెట్టేచోట ఆయిల్ స్ప్రే కొట్టి ఉండకూడదు, అంటుకుంటుంది. డ్రైవర్ చివర మామూలు క్రోమ్ సాకెట్ తగిలించి కొడితే అది పగిలి ముక్కలు కంటికి తగలొచ్చు, నల్లటి ఇంపాక్ట్ సాకెట్టే వాడాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి.

కొనమంటానా అంటే, అది మీ బండిని బట్టి. నాకు రెండు పాత బళ్లున్నాయి, ఊరు ఉప్పుగాలిది, కాబట్టి నాకిది లేకుండా కుదరదు. కొత్త బీఎస్6 బళ్లలో చాలావాటి ఇంజిన్ కవర్లకి 8 నంబరు పానా పట్టే హెక్స్ బోల్టులే ఉంటున్నాయి. వాటికి టీ స్పానర్ సరిపోతుంది. పాత బండి ఉన్నవాళ్లు స్క్రూలు ఒకసారి బయటికొచ్చాక మళ్లీ స్టార్‌వే వేయకుండా ఎం6 అలెన్ బోల్టులు (తలలో ఆరు పలకల గుంట ఉండేవి) వేసుకోండి. పొడవులు ఒక్కోటి ఒక్కో రకం ఉంటాయి కాబట్టి అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి, ఏ రంధ్రం స్క్రూని అక్కడే గుచ్చి పెట్టుకుని, అదే కొలతవి తెచ్చుకోవాలి. మరలకి యాంటీ సీజ్ (పట్టేయకుండా కాపాడే పేస్టు) పలచగా రాసి, 10 న్యూటన్ మీటర్లకి కాస్త తక్కువగానే బిగించండి. ఆ పూత జారుడు వల్ల అదే తిప్పుడుకి బోల్టు ఎక్కువ బిగుస్తుంది, అల్యూమినియం మర తెగుతుంది.