బంగినపల్లి అని కొన్న నీలం మామిడి: పద్నాలుగేళ్ల అనుభవం

2011 తొలకరిలో నర్సరీవాళ్లు బంగినపల్లి అంటు అంటే నమ్మి, టెక్కలిలో మా పెరట్లో నూతి పక్కన పాతాను. 2015లో తొలి కాపు. మే నెలాఖరుకి ఊళ్లో సువర్ణరేఖ తినడం కూడా అయిపోయింది. మా చెట్టు కాయలు మాత్రం పిడికిలంతే, పచ్చగా రాయిలా ఉన్నాయి. "ఇవి పండవండీ, ఊరగాయకి కోయించేద్దాం" అని మా ఆవిడ కత్తిపీట కూడా తీసింది. నాకే బద్ధకం వేసి ఊరుకున్నాను.

జూన్ ఆఖర్లో ఒకటి రాలింది. కోస్తే పసుపు కండ, పీచు లేదు, టెంక చిన్నది. పక్కింటి తాతగారు వాసన చూసి "నీలం రా ఇది" అన్నారు. నర్సరీ మీద కోపం మాత్రం రెండేళ్లు పోలేదు.

నీలంలో నాకు బాగా నచ్చింది, ఏటా కాయడం. మా అన్నయ్య ఇంట్లో బంగినపల్లి ఒక ఏడు విరగకాస్తే మరుసటేడు ఆకులే. ఏటా కాసే ఈ గుణం కోసమే ఢిల్లీ శాస్త్రవేత్తలు నీలాన్ని దశేరితో కలిపి ఆమ్రపాలి, మల్లిక రకాలు తీశారు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పెద్ద కొమ్మ విరిగి నూతి మీద పడింది. అయినా మరుసటి వేసవిలో రెండు బుట్టలు కాసింది. పండు నిలవ కూడా బాగుంటుంది. రుచిలో బంగినపల్లికి సాటి అనను, తీపి కాస్త తక్కువే.

అసలు తలనొప్పి పండు ఈగ. ఆలస్యంగా పండే రకం కాబట్టి వానలూ ఈగలూ ఒకేసారి దిగుతాయి. పైకి నిగనిగలాడే పండు కోస్తే లోపల తెల్ల పురుగులు. 2017లో సగానికి పైగా గోతిలో పూడ్చాం. ఈగల్ని వాసనతో లాగే మిథైల్ యూజినాల్ మందు డబ్బాలో పెట్టి ఎరగా కట్టాను. దానికి మగ ఈగలే వస్తాయి, పైగా చుట్టుపక్కల పెరళ్లలో ఎవరూ కట్టకపోతే నా ఒక్క డబ్బా ఏం చేస్తుంది? చివరికి పని చేసింది కాగితం సంచులే. కాయ కోడిగుడ్డు సైజు దాటాక ఒక్కో దానికి తొడిగి తొడిమ దగ్గర కట్టాలి. న్యూస్‌పేపరు మొదటి వానకే చిరిగింది, గోధుమరంగు మందపాటి కాగితం ఆగింది. స్టూలు ఎక్కితే అందాలని 2020లో కోత అయ్యాక చెట్టు తల నరికించాను. ముందే చేయాల్సింది. టెంక పురుగుకి మాత్రం సంచి అడ్డం కాదు, అది పిందెలోనే దూరుతుంది. అదృష్టం, కండ చాలావరకు బాగానే ఉంటుంది.

మా అమ్మాయి పెళ్లయిన ఏడు ఆషాఢానికి పుట్టింటికి వచ్చింది. బజార్లో మామిడిపండే లేదు, మా చెట్టుకి మాత్రం నలభై సంచులు వేలాడుతున్నాయి. తిరిగి వెళ్లేటప్పుడు ఒక బుట్ట బొబ్బిలి పంపాం. వియ్యపురాలు ఫోన్ చేసి, అంటు ఎక్కడ దొరుకుతుందని అడిగారు. నర్సరీకి వెళ్లకండి, మా కొమ్మకే కట్టి పంపుతానన్నాను.