ఎయిర్ ఇండియా ఎ320 నియో కొత్త కేబిన్: నాకు పనికొచ్చింది ఆ ఛార్జింగ్ పోర్టే

కొత్త సీటు కవర్లు, కార్పెట్, లైట్ల గురించి ఇప్పటికే బోలెడంత మంది రాశారు. హైదరాబాద్–ఢిల్లీ మధ్య ఈ విమానాల్లో చాలాకాలంగా తిరుగుతున్న నాకు వాటన్నిటికంటే విలువైనది ఒక్కటే కనిపించింది. ఎకానమీలో కూడా ప్రతి సీటుకీ ఎదురుగా ఛార్జింగ్ పోర్టు, ఫోన్ నిలబెట్టుకోవడానికి హోల్డర్. యూఎస్‌బీ టైప్-ఎ (పాత వెడల్పాటిది), టైప్-సి (కొత్త చిన్నది) రెండూ ఇచ్చారు. క్యాబ్ యాప్, విమానాశ్రయంలో ముఖం చూపించి లోపలికి వెళ్లే డిజియాత్ర, బోర్డింగ్ పాస్ అన్నీ ఫోన్‌లోనే కాబట్టి గచ్చిబౌలి నుంచి శంషాబాద్ చేరేసరికే బ్యాటరీ బాగా తగ్గుతుంది. ఢిల్లీలో దిగాక మళ్లీ అదే ఫోన్‌తో పని. ఈ మధ్యలో దొరికే రెండు గంటల కరెంటు నిజంగా పెద్ద మేలు.

పైగా ఈ విమానాల్లో సీటు వెనక టీవీ తెర లేదు. సినిమా చూడాలంటే విమానం వైఫైకి కలిపి, ఎయిర్ ఇండియా వినోద సేవ విస్టా స్ట్రీమ్‌ని మన ఫోన్‌లోనే తెరవాలి. తెరను మన చేతికి వదిలేసిన చోట కరెంటు కూడా ఇవ్వకపోతే ఆ ఏర్పాటుకు అర్థమే ఉండదు. ఇక్కడ ఇచ్చారు. అందుకే నాకింత నచ్చింది.

ఎంత ఎక్కుతుందో లెక్క చూద్దాం. ఈ రోజుల్లో ఫోన్ బ్యాటరీ 5,000 ఎంఏహెచ్, అంటే దాదాపు 19 వాట్-అవర్లు. టైప్-ఎ పోర్టు మామూలుగా ఇచ్చే గరిష్ఠం 5 వోల్టుల దగ్గర 2.4 ఆంపియర్లు, అంటే 12 వాట్లు. వేడి రూపంలో పోయేది తీసేస్తే, తెర ఆపి ఉంచిన ఫోన్‌కి గంటన్నరలో ముప్పావు దాకా ఎక్కాలి. సినిమా చూస్తూ ఛార్జింగ్ పెడితే సగం దగ్గర ఆగుతుంది. కిటికీ పక్కన ఎండ పడుతుంటే ఫోన్ వేడెక్కి తనంతట తనే ఛార్జింగ్ తగ్గించుకుంటుంది. అప్పుడు పోర్టుని తప్పు పట్టి లాభం లేదు, కిటికీ షేడ్ దించాలి.

పోర్టు పనిచేయకపోతే ఏం చేయాలో చాలామందికి తెలియదు. ఏ సంస్థ విమానమైనా ఈ ఏర్పాటు దాదాపు ఒకేలా ఉంటుంది. విమానంలోని 115 వోల్టుల, 400 హెర్ట్జ్ కరెంటుని సీటు కింద ఉండే పవర్ బాక్స్ మార్చి పోర్టులకు పంపుతుంది. సాధారణంగా మూడు సీట్లకూ కలిపి ఒకటే బాక్స్. పక్కవాళ్లు ట్యాబ్, ల్యాప్‌టాప్ పెట్టి ఎక్కువ లాగితే మన వాటా తగ్గొచ్చు. లోడు మరీ ఎక్కువైతే బాక్స్ తనను తాను ఆపేసుకుంటుంది. ముందు కేబుల్ తీసి, అర నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. అప్పటికీ రాకపోతే పక్క సీటు పోర్టు చూడండి. అది పనిచేస్తుంటే లోపం మీ పోర్టుదో కేబుల్‌దో. మూడూ రాకపోతే బాక్స్‌ది. అప్పుడు సిబ్బందికి చెబితే చాలా విమానాల్లో కేబిన్ ప్యానెల్ నుంచి రీసెట్ చేయగలుగుతారు. టేకాఫ్, ల్యాండింగ్ సమయంలో మాత్రం అడగకండి, ఆ కాసేపు కరెంటు కావాలనే ఆపి ఉంచొచ్చు.

పోర్టు వదులైపోవడానికి మన మోకాళ్లూ ఒక కారణం. నిటారుగా పొడుచుకొచ్చిన ప్లగ్‌కి మోకాలు తగిలిన ప్రతిసారీ లోపలి పిన్నుల మీద ఒత్తిడి పడుతుంది. ఎల్ ఆకారంలో వంగిన ప్లగ్ ఉన్న అర మీటరు కేబుల్ తీసుకెళ్లండి. పొడవాటి కేబుల్ ట్రేలో ఇరుక్కుంటుంది. ఫోన్‌కి మందపాటి కవర్ ఉంటే హోల్డర్‌లో పెట్టేముందు తీసేయడం మంచిది. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు.

ఇక ల్యాప్‌టాప్ మీద పని చేసుకునేవాళ్ల సంగతి వేరు. ఎకానమీ వరసల మధ్య దూరం 28–29 అంగుళాలు. ముందాయన సీటు వాల్చాడంటే 15 అంగుళాల ల్యాప్‌టాప్ సరిగ్గా తెరుచుకోదు, పోర్టు ఎంత బాగున్నా ఉపయోగం తక్కువే. ప్రీమియం ఎకానమీలో ఈ దూరం 32 అంగుళాలు. ఆ మూడు నాలుగు అంగుళాలతోనే పని సాగుతుంది. టికెట్ తేడా ఆఫీసు భరిస్తే తీసుకోండి. సొంత డబ్బైతే రెండు గంటల ప్రయాణానికి నేను తీసుకోను.

బుక్ చేసేటప్పుడు సీట్ మ్యాప్ చూడండి. పాత విమానాల లోపలి భాగాన్ని కొత్తగా మార్చే ఈ రీఫిట్ 2024 సెప్టెంబరులో మొదలైంది. ఇందులో 164 సీట్లు: బిజినెస్ 8, ప్రీమియం ఎకానమీ 24, ఎకానమీ 132. ముందు రెండే బిజినెస్ వరసలు, వెనక నాలుగు ప్రీమియం వరసలు ఉండాలి. బిజినెస్ మూడు వరసలుంటే అది పాత అమరిక. అయితే 2024 నవంబరు 12న విలీనమైన విస్తారా నుంచి వచ్చిన ఎ320ల్లోనూ 8 బిజినెస్, 24 ప్రీమియం సీట్లే ఉంటాయి కాబట్టి మ్యాప్ ఒక్కటే చూసి రీఫిట్ విమానమని తేల్చలేం. ఆఖరి నిమిషంలో విమానం మారినా చేసేదేమీ లేదు.

ఢిల్లీలో దిగి అమెరికా, లండన్ వెళ్లేవాళ్లు ఈ చిన్న విమానాన్ని చూసి పెద్దవాటిని అంచనా వేయకండి. 27 బోయింగ్ 787-8లు, 13 బోయింగ్ 777ల లోపలి భాగం మార్చడానికి 2022 డిసెంబరులో 40 కోట్ల డాలర్ల పథకం ప్రకటించారు. మొదటి 787-8 ఆ పనికి కాలిఫోర్నియా వెళ్లింది 2025 జులైలో. సీట్ల సరఫరా ఆలస్యం ఇందుకు పెద్ద కారణం. విమానం సీటంటే కుర్చీ కాదు, 16 రెట్ల గురుత్వ బలాన్ని తట్టుకునే పరీక్ష దాటాలి, నురుగుకీ బట్టకీ అగ్ని పరీక్షలుంటాయి, వైర్లతో సహా ఆమోదం రావాలి.

నాది ఒంటరి ప్రయాణం, చేతిలో ఫోను, రెండు గంటల దూరం. కాబట్టి ఛార్జీ రెండు మూడు వందలు ఎక్కువైనా పోర్టున్న విమానమే ఎంచుకుంటాను. పిల్లలతో వెళ్లేవాళ్లైతే మాత్రం సీటు వెనక తెరలున్న ఎ321 నియో ఏ సమయానికుందో ముందు చూసుకోండి, ఫోన్ కోసం పేచీ తప్పుతుంది.