డైమండా, నంబరా, హ్యాజ్‌కెమ్ కోడా: ట్యాంకర్ మీద ముందు ఏది చూడాలి?

గొల్లపూడి నుంచి ఇబ్రహీంపట్నం వైపు రోజూ బండి మీద వెళ్లేవాళ్లకు కొండపల్లి డిపోల ట్యాంకర్లు కొత్తేం కాదు. వాటి వెనకే ఆగుతాం, లోపల ఏ సరుకుందో చెప్పే బోర్డు ముక్కు ముందే ఉంటుంది, అయినా చదవం. నేనూ అంతే. కిందటి వేసవిలో రోడ్డు పక్కన ఆగిన ఒక ట్యాంకర్ వాల్వ్ దగ్గర చుక్కలు కారుతుంటే, టీ బడ్డీ ఆయన "పెట్రోలా గ్యాసా బాబూ?" అని అడిగాడు. తెల్లమొహం వేశాను.

దూరం నుంచి కనబడేది డైమండ్ గుర్తే. ఎర్ర రంగు మీద మంట బొమ్మ ఉంటే మండే సరుకు, తెల్లటి దాని మీద పుర్రె ఉంటే విషం (గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో వాడే అమ్మోనియా ఈ కోవలోదే), పైన తెలుపు కింద నలుపు ఉండి చేతి మీద చుక్కలు పడుతున్నట్టుంటే యాసిడ్ లాంటిది. చదువు రానివాళ్లకూ అర్థమవుతుంది. తంటా ఎక్కడంటే పెట్రోల్‌కీ వంటగ్యాస్‌కీ ఒకటే ఎర్ర మంట! తేడా కింది మూలలో ఉన్న చిన్న అంకెలో ఉంది: 3 అయితే ద్రవం, 2 అయితే గ్యాస్. ఇది చిన్న తేడా కాదండీ. ట్యాంకర్‌కు మంట అంటుకుంటే పెట్రోల్‌కు 800 మీటర్లు, వంటగ్యాస్‌కు 1600 మీటర్ల దూరం జనాన్ని ఖాళీ చేయించమని అమెరికా, కెనడా ఫైర్ వాళ్లు వాడే గైడ్ చెబుతుంది. పైగా మన ఎండకు ఎరుపు కాస్తా వెలిసి గులాబీ రంగులోకి దిగుతుంది, ఆ అంకె బురదలో కలిసిపోతుంది.

ప్రమాదకర సరుకులకు ఐక్యరాజ్యసమితి ఇచ్చిన నాలుగంకెల యూఎన్ నంబర్‌కు ఈ గందరగోళం లేదు. 1203 పెట్రోల్, 1202 డీజిల్, 1075 వంటగ్యాస్, 1005 అమ్మోనియా, 1017 క్లోరిన్, ఏ దేశంలోనైనా ఇవే. బట్టీ పట్టక్కర్లేదు, 112కు ఫోన్ చేసి ఆ నాలుగంకెలు చదివితే చాలు, ఏ సరుకో వాళ్లు చూసుకుంటారు. కాకపోతే దగ్గరికెళ్లి చదవాలనుకోవడం పిచ్చిపని, దూరంగా జరిగి ఫోన్ కెమెరాలో జూమ్ చేయండి. రూల్ ప్రకారం బోర్డు రెండు పక్కలా, వెనకా ఉండాలి కాబట్టి ఎటు నుంచో ఒకవైపు దొరుకుతుంది.

హ్యాజ్‌కెమ్ కోడ్ మాత్రం ఫైర్ వాళ్ల భాష, మంటను ఎలా ఆర్పాలో, ఏం జాగ్రత్త పడాలో అంకె, ఇంగ్లిష్ అక్షరాల్లో చెబుతుంది. పెట్రోల్‌కు 3వైఈ అని ఉంటుంది, అందులో 3 అంటే ఫోమ్ కొట్టమని. మనకు పనికొచ్చేది చివరి 'ఈ' (E) అక్షరం ఒక్కటే: చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే సంగతి ఆలోచించాలని.

నన్నడిగితే పరిగెత్తాలా వద్దా అన్నదానికి డైమండ్, ఫోన్లో చెప్పడానికి నంబర్. "ఖాళీ ట్యాంకరేలే" అనే మాట మాత్రం నమ్మకండి, పెట్రోల్ దింపేశాక లోపల మిగిలే ఆవిరి కూడా అంటుకుంటుంది.

ఆ రోజు తీసిన ఫొటో ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే 1202, డీజిల్. టీ బడ్డీ ఆయన మాత్రం నా జవాబు కోసం చూడలేదు, అప్పటికే స్టవ్ ఆర్పేసి బండి నెట్టుకుంటూ వెళ్లిపోయాడు.