నలందా వెళ్తున్నారా? గేటు బయట "తవ్వకాల్లో దొరికిన" ముద్రలు కొనకండి

పోయిన నెల ఓ శుక్రవారం నలందా శిథిలాలు చూసి బయటికొస్తుంటే ఒకాయన మమ్మల్ని పక్కకి పిలిచాడు. చేతిరుమాలు విప్పి, అరచేతిలో ఇమిడే మట్టిబిళ్ల చూపించాడు. పైన ధర్మచక్రం, దానికి అటూ ఇటూ రెండు జింకలు, కింద పాత లిపిలో రెండు వరుసలు. అంచు ఒకచోట విరిగింది. పొలం దున్నుతుంటే దొరికిందట, కూతురి పెళ్లి కాబట్టి అమ్ముతున్నాడట. ఆరువేలతో మొదలుపెట్టి రెండున్నర వేలకి దిగాడు. అదీ క్యాషే ఇవ్వాలన్నాడు.

కొంత చదివి వెళ్లడమే నా కొంప ముంచింది. 1915 నుంచి 1937 దాకా జరిగిన తవ్వకాల్లో అచ్చం ఇలాంటి ముద్రలు బోలెడు బయటపడ్డాయి. వాటి మీద "శ్రీ నాలందా మహావిహారీయ ఆర్య భిక్షు సంఘస్య" (నలందా మహావిహారంలోని పూజ్య భిక్షు సంఘానిది) అని ఉంటుంది. ఆ సంగతి తెలుసు కాబట్టే చూడగానే చేతులు వణికాయి. ఏమీ తెలియని మా ఆవిడ మాత్రం "పొలంలో దొరికితే ఇంత శుభ్రంగా ఉంటుందా?" అంది. నేను వినలేదు, కొనేశాను.

పోల్చి చూద్దామంటే ఎదురుగా ఉన్న మ్యూజియానికి శుక్రవారం సెలవు. రాత్రి రాజ్‌గిర్‌లో ఉండి శనివారం మళ్లీ వచ్చాం. అద్దాల వెనక ఉన్న అసలు ముద్రలో అక్షరాలు సన్నగా, పదునుగా ఉన్నాయి. నా దాంట్లో అరిగిన సబ్బుమీద రాసినట్టున్నాయి. అప్పటికీ మనసు ఒప్పుకోలేదు. బయటికొచ్చాక ఇంకో కుర్రాడి సంచిలో అవే బిళ్లలు ఓ డజను కనిపించాయి. అన్నిటికీ అంచు అక్కడే విరిగింది. విరుపుతో సహా అచ్చు పోశారన్నమాట!

డబ్బు పోతే పోయింది, నిజంగా అసలుదే అయ్యుంటే ఇంకా పెద్ద తలనొప్పి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువులతో వ్యాపారం చేయాలంటే లైసెన్స్ కావాలి. ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నిషేధం. అమెరికాలో ఉన్న కొడుక్కి ఒకటి పంపుదామనుకున్న మా బావగారికి ఇది చెప్పగానే టెన్షన్ పట్టుకుంది. పొలంలో దొరికిందన్న కథ నిజమైనా, 1878 నాటి నిధి చట్టం ప్రకారం, పది రూపాయల విలువ దాటితే చాలు, కలెక్టర్‌కి చెప్పాలి.

నమూనా అని చెప్పి అమ్మితే తప్పేం లేదు, నచ్చితే నమూనా ధరకే కొనుక్కోండి. "అసలుది" అంటే మాత్రం ఆ మాటే బిల్లు మీద రాసివ్వమనండి. ఆ కుర్రాణ్ని నేనలా అడిగితే సంచి మూసేసి వెళ్లిపోయాడు.

ఇంకోటి, శుక్రవారం కాకుండా చూసుకుని వెళ్లండి. ముందు మ్యూజియం, తర్వాతే శిథిలాలు. మ్యూజియానికి టికెట్ వేరేగా తీసుకోవాలి.