‘డబుల్ వాల్’ అంటే నమ్మి మోసపోయాం: కట్టెల ఫైర్‌ప్లేస్‌కి పైపు కొనేముందు ఇది చదవండి

ఇల్లు రీమోడల్ చేయిస్తూ హాల్లో కట్టెల ఫైర్‌ప్లేస్ పెట్టించుకోవాలనుకునేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదవండి. మా ఇల్లు తగలబడలేదు. కానీ అటకలో, పొగ బయటికి పోయే పైపు పక్కనున్న వాసం ఒకటి నల్లబడింది. ఇంకో చలికాలం అలాగే వాడి ఉంటే ఏమయ్యేదో అనుకుంటేనే టెన్షన్.

ఫైర్‌ప్లేస్ ఎంచుకోవడానికి మేం మూడు వారాలు తిరిగాం. అద్దం తలుపు ఎలా ఉండాలి, చుట్టూ ఏ రాయి వేయాలి అని ఇంట్లో గొడవలు కూడా పడ్డాం. పైపు గురించి మాట్లాడింది మాత్రం పది నిమిషాలు. “డబుల్ వాల్ పైపు వేస్తామండీ, భయం లేదు” అన్నాడు అమ్మినాయన. రెండు గోడలున్నాయంటే గట్టిదే అనుకున్నాం. కొటేషన్‌లో “డబుల్ వాల్ పైపు, ఫిట్టింగ్‌తో సహా” అని ఒకే ఒక్క లైను ఉంది. దానికే సంతకం పెట్టేశాం.

రెండు నెలలు వాడాక పై గదిలో ఏదో కమురు వాసన మొదలైంది. ఫోన్ చేస్తే కొత్త రంగు వాసన అన్నారు. కొన్నాళ్లు నమ్మాం కూడా. చివరికి పొగగొట్టాలు శుభ్రం చేసే మనిషిని వేరేగా పిలిపించాం. ఆయన అటకెక్కి టార్చి వేసి చూసి, నన్నూ పైకి రమ్మన్నాడు. పైపు మీద లేబుల్ ఉంది, గోడవైపు తిరిగి ఉంది. “గ్యాస్ పరికరాలకు మాత్రమే” అని స్పష్టంగా రాసి ఉంది.

అమ్మినాయన అబద్ధం చెప్పలేదు, నా మంట అదే. అది నిజంగానే రెండు గోడల పైపు. కానీ ఆ పేరుతో మూడు రకాల పైపులు అమ్ముతారని మాకప్పటికి తెలియదు. మొదటిది గ్యాస్ పైపు: లోపల అల్యూమినియం, బయట జింకు పూత రేకు, మధ్యలో గాలి తప్ప ఏమీ ఉండదు. సుమారు 240 డిగ్రీల సెల్సియస్ వరకు ఉండే గ్యాస్ పొగ కోసం చేసింది. రెండోది పొయ్యి నుంచి కప్పు దాకా, గదిలో కనబడేంతవరకే వాడే కనెక్టర్ పైపు. మూడోదే అసలు చిమ్నీ పైపు: లోపల స్టెయిన్‌లెస్ స్టీలు, మధ్యలో వేడిని ఆపే ఇన్సులేషన్ దట్టించి ఉంటుంది. కట్టెల పొయ్యి పొగ కప్పులోంచి, అటకలోంచి బయటికి వెళ్లాలంటే ఈ మూడోదే కావాలి. ఒంటి గోడ పైపైతే అక్కడికి అసలే పనికిరాదు. గదిలో పెట్టినా చెక్కకి 18 అంగుళాల దూరం కావాలి.

కట్టెల పొగ చల్లబడితే గొట్టం లోపల క్రియోసోట్ అనే తారులాంటి మసి పేరుకుంటుంది. అది అంటుకుంటే లోపల వేడి 1,000 డిగ్రీలు దాటగలదు. అల్యూమినియం కరిగేది 660 దగ్గర. ఇక లెక్క మీరే వేసుకోండి.

వాసం నల్లబడడానికి ఇంకో కారణం కూడా ఉంది. పైపు చుట్టూ వదలాల్సిన ఖాళీని “చలిగాలి రాకుండా” అని మా కాంట్రాక్టర్ దూదిలాంటి ఇన్సులేషన్‌తో కూరేశాడు. అక్కడ ఉండాల్సింది వట్టి గాలే. అది లేకపోతే వేడి చెక్కలోకి ఎక్కుతూనే ఉంటుంది. నెలల తరబడి అలా వేడెక్కిన చెక్క మామూలు చెక్కకంటే తక్కువ వేడికే అంటుకుంటుంది.

మార్పించేటప్పుడు ఇంకో దెబ్బ. లోపల 6 అంగుళాల చిమ్నీ పైపు అంటే ఒక అంగుళం ఇన్సులేషన్‌తో బయటి కొలత 8 అవుతుంది. అటూ ఇటూ రెండేసి అంగుళాల ఖాళీ కలిపితే 12 అంగుళాల చదరపు రంధ్రం కావాలి. గ్యాస్ పైపుకి ఒక అంగుళం ఖాళీ చాలు కాబట్టి మాకు చిన్న రంధ్రమే పెట్టారు. కొత్తగా వేసిన సీలింగ్ మళ్లీ పగలగొట్టాల్సి వచ్చింది. ఆ దుమ్ము సంగతి వద్దులెండి.

అమ్మినాయన ఒక రాజీ ప్రతిపాదించాడు: అటకలో ఉన్న ముక్కలు మాత్రం వేరే కంపెనీవి వేస్తాడట, మిగతాది అలాగే ఉంచాలట. ఒప్పుకోలేదు. ఒక కంపెనీ పైపు ఇంకో కంపెనీ పైపులో సరిగ్గా లాక్ అవదు, రెండిటినీ కలిపి ఎవరూ పరీక్షించి ఉండరు. పైగా ఇన్సులేషన్ పైపుని కోసి సరిచేయడానికి కూడా వీల్లేదు. ఏయే పొడవు ముక్కలు కావాలో, జాయింటు దగ్గర ఎంత తగ్గుతుందో ముందే లెక్కగట్టి తెప్పించాలి.

మీరు మాత్రం కొటేషన్‌లో పైపు కంపెనీ, మోడల్, ప్రమాణం రాయించుకోండి. అమెరికా తరహా పైపైతే యూఎల్ 103 హెచ్‌టీ అనే ప్రమాణం, యూరప్ తరహాదైతే లేబుల్ మీద జీ అక్షరం, దాని పక్కన అంకె చూడండి. జీ అంటే మసి మంటని తట్టుకుంటుందని, అంకె అంటే చెక్కకి ఎన్ని మిల్లీమీటర్ల దూరం ఉండాలో అది. ఫ్యాక్టరీలో తయారైన ఫైర్‌ప్లేస్ అయితే దాని మాన్యువల్‌లో చెప్పిన పైపే వేయాలి. సీలింగ్ మూసేముందు అటకెక్కి లేబుల్ ఫోటో మీరే తీసుకోండి. కప్పు మీద ఎత్తు కూడా అడగండి: పైపు బయటికొచ్చిన చోటినుంచి కనీసం 3 అడుగులు, చుట్టూ 10 అడుగుల్లో ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎక్కువ ఉండాలి. మాది ఒకటిన్నర అడుగే ఉండేది, గాలి వీచినప్పుడల్లా పొగ హాల్లోకి తన్నేది. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుని పసిగట్టే అలారం మేం అప్పటిదాకా పెట్టలేదు, ఆ తప్పు పూర్తిగా మాదే.

తీసేసిన గ్యాస్ పైపు ముక్కల్ని పారేయనివ్వలేదు. లేబుల్ కనబడేలా షెడ్‌లో నిలబెట్టాను. ఆ ఫోటోలు పంపిన రోజు నుంచే అమ్మినాయన మా ఫోన్ ఎత్తుతున్నాడు. డబ్బు ఇంకా తిరిగి రాలేదు.